యజమాని లేని కోడ్



ఎవరి చేతిలోనూ లేని సాఫ్ట్‌వేర్‌పై సర్కారు ఆంక్షలు పెట్టగలదా? 2022 ఆగస్టులో అమెరికా ఖజానా శాఖ, క్రిప్టో లావాదేవీల జాడ దాచే టోర్నడో క్యాష్ అనే సాఫ్ట్‌వేర్‌పై పెట్టింది. ఉత్తర కొరియా హ్యాకర్లు దొంగసొమ్ము జాడ చెరపడానికి దాన్ని వాడారని కారణం చూపింది. అది కొట్టిపారేయదగ్గ కారణం కాదు. కానీ 2024 నవంబరులో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, టోర్నడో క్యాష్‌లో ఎవరూ మార్చలేని స్మార్ట్ కాంట్రాక్టులు, అంటే తమంతట తామే నడిచే ప్రోగ్రాములు, 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం చెప్పే ‘ఆస్తి’ కావంది. చట్టంలో లొసుగుంటే సరిచేయాల్సింది అమెరికా కాంగ్రెసేనంది. మరుసటి మార్చిలో ఆంక్షలు ఎత్తేశారు. అదే ఏడాది ఆగస్టులో టోర్నడో క్యాష్ రూపకర్తల్లో ఒకరైన రోమన్ స్టార్మ్‌ను, లైసెన్సు లేని నగదు బదిలీ వ్యాపారానికి కుట్ర పన్నారంటూ న్యూయార్క్ జ్యూరీ దోషిగా తేల్చింది. కోడ్ బయటపడింది, రాసినవాడు చిక్కాడు!

ఈ వివాదంపై ఈ సంచికలోని వ్యాసాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. మేమూ రాజీ కుదర్చలేదు. అధికారుల ఉద్దేశం ఎంత మంచిదైనా, చట్టం ఇవ్వని అధికారం వాళ్లకు ఉండదన్న చోట మాత్రం అన్నీ కలుస్తాయి. కోడ్ రాసేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. వాళ్ల చేత కూడా చదివించండి. విభేదిస్తే మొహమాటపడకుండా ఉత్తరం రాయండి.