మాటల మూట: గోడకు అవతల

ఈ నెల మూటలో మూడు మాటలున్నాయి: తంతి, నిషేధం, గోడ. మూడూ ఒకే రచయిత్రి కథలోంచి తీశాను. ఆమె పేరు బెవర్లీ నాయిడూ. మీలో కొందరు బడిలో ఆమె పుస్తకం ఇంగ్లీషులో చదివే ఉంటారు. ఆమె సంగతి ఇప్పుడు తెలుగులో చదవండి. నెమ్మదిగా, పైకి చదవండి.

ముందు పేరు చూద్దాం. మన 'నాయుడు' ఈ దేశపు కాగితాల్లో 'నాయిడూ' అయింది. ఇక్కడ ఆ ఇంటిపేరున్నవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. బెవర్లీ గారు పుట్టింది మాత్రం తెల్లవాళ్ళ ఇంట్లో, 1943లో, జొహానెస్‌బర్గ్‌లో. నాయిడూ పెళ్ళితో వచ్చిన పేరు. తెల్లవాళ్ళూ భారతీయులూ పెళ్ళి చేసుకుంటే ఆ రోజుల్లో ఇక్కడ నేరం. వాళ్ళ కాపురం ఇంగ్లండులో సాగింది.

ఇక మొదటి మాట, తంతి. తంతి అంటే తీగ. తీగ మీద వచ్చే వార్తను, అంటే టెలిగ్రామ్‌ను కూడా మన పెద్దవాళ్ళు తంతి అనేవారు. బెవర్లీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళింట్లో ఒక ఆయా ఉండేది. ఆమె సొంత పిల్లలు ఎక్కడో దూరాన ఉండేవారు. ఆమె ఇక్కడ వేరేవాళ్ళ పిల్లను పెంచేది. ఒకరోజు తంతి వచ్చింది. ఆయా కూతుళ్ళలో ఇద్దరు డిఫ్తీరియా అనే గొంతు జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు రాకుండా బెవర్లీకి టీకా వేయించారు. ఆ ఇద్దరికీ టీకా లేదు. తేడా అంతే.

అప్పుడు ఆ పిల్లకు ఇదంతా అర్థం కాలేదు. కాలేజీకి వెళ్ళాక అర్థమైంది. వర్ణవివక్షకు ఎదురు నిలిచినందుకు 1964లో, ఇరవయ్యొక్క ఏళ్ళ వయసులో, ఆమెను ఎనిమిది వారాలు జైల్లో ఒంటరిగా ఉంచారు. మరుసటి ఏడాది ఆమె ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ పంతులమ్మగా పనిచేశారు. దక్షిణాఫ్రికా గురించి పిల్లల కోసం వచ్చిన పుస్తకాలు తిరగేస్తే వాటిలో అసలు నిజమే లేదు. ఉన్నవి బాగాలేవని ఊరుకోకుండా తానే కలం పట్టారు.

అలా 1985లో 'జర్నీ టు జోబర్గ్' వచ్చింది. పదమూడేళ్ళ నలేదీ, తొమ్మిదేళ్ళ తమ్ముడు టీరో. పల్లెలో చంటి చెల్లెలికి ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ 300 కిలోమీటర్ల దూరాన, జొహానెస్‌బర్గ్‌లో తెల్లవాళ్ళ ఇంట్లో పనిచేస్తోంది. అమ్మను తీసుకురావడానికి ఇద్దరూ నడక మొదలుపెడతారు. ఆయా ఇంటికి వచ్చిన ఆ తంతి ఈ కథలో కనిపించదు గాని, కథంతా దాని బరువే.

రెండో మాట, నిషేధం. 'చదవకూడదు, అమ్మకూడదు, దగ్గర ఉంచుకోకూడదు' అని ప్రభుత్వం చెబితే అది నిషేధం. ఈ చిన్న పుస్తకాన్ని 1991 దాకా దక్షిణాఫ్రికాలో నిషేధించారు. ఇంగ్లండు పిల్లలు చదివిన కథను నలేదీ లాంటి పిల్లలు చదవలేకపోయారు.

తరవాత చాలా పుస్తకాలు వచ్చాయి. నైజీరియా నుంచి లండన్‌కు దొంగచాటుగా చేరిన అక్కాతమ్ముళ్ళ నవల 'ది అదర్ సైడ్ ఆఫ్ ట్రూత్'కు 2000 సంవత్సరపు కార్నెగీ పతకం వచ్చింది. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకు ఇచ్చే పెద్ద బహుమతి అది. కాని మన ఇళ్ళలో ముందు చదవాల్సింది, నన్నడిగితే, 'అవుట్ ఆఫ్ బౌండ్స్'. 1948 నుంచి 2000 దాకా ఏడు కథలు. ముందుమాట ఆర్చ్‌బిషప్ టూటూది.

అందులో చివరి కథకే మన మూడో మాట. రోహన్ భారతీయ కుటుంబపు అబ్బాయి. ఇల్లు కొండ మీద, చుట్టూ గోడ. కింద రేకుల గుడిసెల్లో నల్లవాళ్ళు ఉంటారు. అటు వెళ్ళొద్దని ఇంట్లో ఆజ్ఞ. గుడిసెలవాళ్ళకు నీళ్ళు కరువైతే వాళ్ళు కొండ ఎక్కి వచ్చి గుక్కెడు నీళ్ళు అడుగుతారు. గేట్లు మూసుకుంటాయి. సొలానీ అనే అబ్బాయి వచ్చినప్పుడు రోహన్ నీళ్ళు ఇస్తాడు. ఇచ్చి ఊరుకోడు, అతనితో కలిసి కిందికి కూడా వెళ్తాడు.

ఇక్కడ తెల్లదొర ఎవరూ లేరు. అందుకే ఈ కథ మనకు కాస్త గుచ్చుకుంటుంది. మన ముత్తాతలు ఒప్పందపు కూలీలుగా చెరకు తోటల్లో పనిచేశారని గర్వంగా చెప్పుకుంటాం. గోడకు ఇవతల ఉన్నది ఎవరో కూడా చెప్పుకోవాలి కదా. ఇంట్లో పెద్దవాళ్ళతో ఈ కథ మాట్లాడి చూడండి, భోజనం చల్లారిపోతుంది!

ఈ నెల మీ పని: 'గోడ' అన్న మాట వాడి ఐదు వాక్యాలు రాయండి. ఇవతల, అవతల అనే రెండు మాటలూ అందులో రావాలి. తప్పులుంటే నేను దిద్దుతాను, మీరు మాత్రం తెలుగులోనే రాయండి.