ఫొటో కింద మన పేరు ఉందా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాసే అవకాశం సంపాదక మిత్రులు ఇచ్చారు. పోటీ పరీక్షల గురించి రాయమన్నారు. నేను మాత్రం ఫొటోల గురించీ, వాటి వెనుక కథలు చెప్పే పుస్తకాల గురించీ రాస్తున్నాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మన హాస్టల్లో దుప్పట్ల పంపిణీ జరిగింది. పెద్దలు వచ్చారు, మైకు పెట్టారు, మమ్మల్ని వరుసలో నిలబెట్టారు. నా వంతు వచ్చినప్పుడు ఫొటో సరిగా రాలేదని, ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇప్పించారు. రెండు రోజులకు ఆ ఫొటో పేపర్లో వచ్చింది. ఆ ముక్క కత్తిరించి నోటుబుక్కులో దాచుకుని, సంక్రాంతి సెలవులకు ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించాను. అమ్మకు చదువు రాదు. కింద ఏం రాశారో చదవమంది. చదివాను. వేదిక మీద ఉన్నవారి పేర్లూ హోదాలూ వరుసగా ఉన్నాయి. చివర ‘దుప్పటి అందుకుంటున్న పేద విద్యార్థి’ అని ఉంది.

“నీ పేరేదిరా?” అని అడిగింది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న పీజీలో చేరాక మళ్లీ ఎదురొచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక మూల, అమెరికా పత్రికల ఫొటోగ్రాఫర్ల మీద వచ్చిన పుస్తకాలు ఉన్నాయి. అక్కడి ‘లైఫ్’ పత్రిక 1936 నవంబరులో మొదలై 1972 డిసెంబరు దాకా వారం వారం వచ్చింది. ఇంటింటికీ టీవీ రాకముందు ప్రపంచాన్ని ఫొటోలతో చూపించిన పత్రిక అది. గాంధీగారు రాట్నం దగ్గర కూర్చుని చదువుకుంటున్న ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని 1946లో తీసిన మార్గరెట్ బోర్క్-వైట్ ఆ పత్రిక ఫొటోగ్రాఫరే.

ఆ పుస్తకాలను చాలామంది సాహసగాథల్లా చదువుతారు. ఫొటోగ్రాఫరు ఎంత కష్టపడ్డాడు, ఏ కెమెరా వాడాడు, ఏ బహుమతి వచ్చింది అని చూస్తారు. అది తప్పని నేను అనను. కానీ మనలాంటి వాళ్లం అలా చదివి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. ఫొటోలో ఉన్న మనిషి పేరు, ఆ మనిషి మాట, ఆ తర్వాత ఆ మనిషి బతుకు - ఈ మూడూ పుస్తకంలో ఉన్నాయా లేవా అని వెతుకుతూ చదవాలి.

ముందు పేరు సంగతి చూద్దాం. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో అనే చోట, బఠాణీ తోట కూలీల గుడారాల దగ్గర డొరోతియా లాంగ్ ఒక తల్లి ఫొటో తీసింది. గడ్డం కింద చేయి, ఒళ్లో పసిబిడ్డ, చెరో భుజం మీద తల వాల్చిన పిల్లలు. ‘వలస తల్లి’గా ఆ ఫొటో లోకమంతా తిరిగింది. పేపర్లో వచ్చాక ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌన్ల ఆహారం పంపింది. అప్పటికే ఆ తల్లి పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఆమె పేరు తాను అడగలేదని లాంగే తర్వాత రాసింది. ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో. అంటే 42 ఏళ్లకు! ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ ఆదివాసీ మూలాలున్న స్త్రీ. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది. లాంగ్ మంచి మనసుతోనే ఆ ఫొటో తీసింది. కానీ మంచి మనసున్నవాళ్లు కూడా పేరు అడగడం మరిచిపోతారు. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇక మాట సంగతి. బోర్క్-వైట్, రచయిత ఎర్స్‌కిన్ కాల్డ్‌వెల్ కలిసి అమెరికా దక్షిణాది కౌలు రైతుల మీద 1937లో ఒక ఫొటో పుస్తకం తెచ్చారు. ప్రతి ఫొటో కిందా ఆ రైతే మాట్లాడినట్టు ఒక వాక్యం ఉంటుంది. కానీ అవి రైతులు అన్న మాటలు కావు, రచయితలు ఊహించి రాసినవి. ఆ సంగతి పుస్తకం మొదట్లో వాళ్లే చెప్పుకున్నారు. చెప్పినంత మాత్రాన సరిపోతుందా? ముఖం వాళ్లది, మాట వీళ్లది. పేదవాడికి నోరు లేదు కాబట్టి మేం మాట్లాడుతున్నాం అనేవాళ్లు, అతణ్ణి ఒక్కసారైనా మాట్లాడనిచ్చారా అని నేను అడుగుతున్నాను.

ఇలా విసుగొచ్చిన రోజుల్లో నాకు గోర్డన్ పార్క్స్ దొరికాడు. 1912లో కాన్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్ స్కాట్‌లో, 15 మంది పిల్లల్లో చివరివాడుగా పుట్టిన నల్లజాతి మనిషి. మన తాతలకు వేరే గ్లాసు, వేరే బావి ఉన్నట్టే వాళ్లకు వేరే బడి, వేరే తలుపు. నల్ల పిల్లలకు కాలేజీ చదువు డబ్బు దండగ అని టీచరే చెప్పింది. తల్లి పోయాక బావ ఇంట్లోంచి గెంటేస్తే, చలికాలం రాత్రులు ట్రాము బండ్లలో పడుకున్నాడు. హైస్కూలు కూడా పూర్తి కాలేదు. రైల్లో వెయిటరుగా పనిచేస్తుండగా, ప్రయాణికులు వదిలేసిన ఒక పత్రికలో వలస కూలీల ఫొటోలు చూశాడు. తాకట్టు దుకాణంలో పాత కెమెరా కొనుక్కుని తనకు తానే నేర్చుకున్నాడు. 1948లో ‘లైఫ్’లో చేరి, ఆ పత్రిక మొదటి నల్లజాతి స్టాఫ్ ఫొటోగ్రాఫరయ్యాడు. తర్వాత 40కి పైగా గౌరవ డిగ్రీలు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి. 1966లో రాసుకున్న ఆత్మకథకు ‘ఎ చాయిస్ ఆఫ్ వెపన్స్’ అని పేరు పెట్టాడు. ఆయుధాల ఎంపిక అని అర్థం. కత్తి పట్టే కారణాలు ఎన్నో ఉన్నా తాను కెమెరా పట్టానని ఆయన భావం.

1942లో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయంలో గచ్చు తుడిచే ఎల్లా వాట్సన్‌ను పార్క్స్ ఫొటో తీశాడు. అమెరికా జెండా ముందు చీపురు, తుడుపు కర్రలతో నిలబడిన ఆమె ఫొటో జగత్ప్రసిద్ధం. అయితే పార్క్స్ ముందు ఆమె బతుకు కథంతా అడిగాడు. ఆ ఒక్క ఫొటోతో ఆగకుండా ఆమె ఇంటికీ చర్చికీ వెళ్లి, మనవలతో ఉన్నప్పుడూ తీశాడు. అందుకే మనకు ఆమె పేరు తెలుసు, ఇల్లు తెలుసు.

మనవాడు కెమెరా పడితే అన్నీ సరైపోతాయా? అవవు. 1961లో ‘లైఫ్’ పార్క్స్‌ను బ్రెజిల్‌లోని రియో నగరానికి పంపింది. అక్కడ కతకుంబా అనే మురికివాడలో ఫ్లావియో ద సిల్వా అనే 12 ఏళ్ల పిల్లవాడు కనిపించాడు. తల్లిదండ్రులు పనికి వెళితే, ఉబ్బసంతో దగ్గుతూనే వంట చేసి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకేవాడు. ఆ ఫొటోలు అచ్చయ్యాక పాఠకులు దాదాపు 30,000 డాలర్లు పంపారు. కుటుంబానికి కొత్త ఇల్లు వచ్చింది. ఫ్లావియోను అమెరికాలోని డెన్వర్‌కు తీసుకెళ్లి వైద్యం చేయించారు. ప్రాణం నిలిచింది. రెండేళ్ల తర్వాత తిరిగి పంపించారు. తనకు వెళ్లాలని లేదు. పెద్దయ్యాక కూడా మళ్లీ రావాలని అడుగుతూనే ఉన్నాడు, కుదరలేదు. మా దేశం పరువు తీశారని కోపగించిన బ్రెజిల్ పత్రిక ‘ఓ క్రుజేరో’, న్యూయార్క్‌లోని పేద కుటుంబాన్ని ఫొటోలు తీయించి అచ్చేసింది! రెండు పత్రికల పోటీలో రెండు ఇళ్ల పేదరికం అచ్చయింది.

పార్క్స్ గొప్పతనం ఎక్కడుందంటే, 1976లో మళ్లీ వెళ్లి ఫ్లావియోను కలిశాడు. 1978లో ‘ఫ్లావియో’ అనే పుస్తకం రాశాడు. తాను చేసింది మేలో కీడో తేల్చుకోలేని తన మనసును దాచుకోలేదు. నేను చదివిన వాటిలో ఇదే నిజాయితీ గల పుస్తకం. పేరుంది, మాట ఉంది, తర్వాతి బతుకూ ఉంది.

పేరు వేస్తే పేదరికం నలుగురికీ తెలిసి పరువు పోదా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. న్యాయమైన ప్రశ్నే. 1941లో జేమ్స్ ఏజీ, వాకర్ ఎవాన్స్ తెచ్చిన అలబామా కౌలు రైతుల పుస్తకంలో మూడు కుటుంబాల పేర్లూ మార్చేశారు. పేరు దాచడం కూడా ఒక్కోసారి గౌరవమే. అయితే వేయాలా దాచాలా అన్నది ఎవరు తేల్చాలి? ఆ ముఖం గల మనిషి తేల్చాలి. అందుకు ముందు అడగాలి కదా.

తమ్ముళ్లూ, ఇప్పుడు కెమెరా ప్రతి చేతిలో ఉంది. ఫోను తీస్తే ఫొటో. ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డ మన ఫొటోలు ఇప్పటికీ ఎవరో తీస్తూనే ఉన్నారు. వాళ్లను ఆపడం మన వల్ల కాకపోవచ్చు. కానీ ఈ సంచిక మనది. అందుకే మూడు కోరికలు కోరుతున్నాను. ఒకటి, ఇందులో వేసే గ్రూపు ఫొటో కింద ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి. వార్డెన్ సారు పేరు ఎంత స్పష్టంగా ఉందో, తెల్లారి నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే వంటాయన పేరూ, కామాటి పేరూ అంత స్పష్టంగా ఉండాలి. రెండు, కొత్తగా చేరి ఏడుస్తున్న మూడో తరగతి పిల్లవాణ్ణి సరదాకైనా అడగకుండా ఫొటో తీయకండి. మూడు, పూర్వ విద్యార్థులు హాస్టల్ లైబ్రరీకి గైడ్లతో పాటు గోర్డన్ పార్క్స్ పుస్తకం ఒకటి కొనివ్వండి. దాన్ని తెలుగులో చదివి చెప్పే బాధ్యత నాది. సెలవు రోజుల్లో వస్తాను.

పేపర్లో వచ్చిన ఆ ఫొటో ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. అందులో నాకూ ఫ్లావియో వయసే, పన్నెండేళ్లు. డిగ్రీ పట్టా వచ్చిన రోజు అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, “ఇందులో నీ పేరెక్కడుంది?” అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఈ సంచిక అచ్చయ్యాక ఆమెకు తీసుకెళ్లి చూపిస్తాను. గ్రూపు ఫొటో కింద పేర్లన్నీ చదివి వినిపించాలని ఉంది.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.