సకల జనుల్లో వాళ్లు లేరా?

ట్రంప్ రెండోసారి గద్దెనెక్కిన రోజే, 2025 జనవరి 20న, అమెరికా ప్రభుత్వం దృష్టిలో ఆడ, మగ తప్ప మూడో మాట లేదని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. మూడు నెలలు తిరక్కముందే, ఏప్రిల్ 16న, బ్రిటన్ సుప్రీంకోర్టు అక్కడి సమానత్వ చట్టంలో 'స్త్రీ' అంటే పుట్టుకతో స్త్రీ అని తీర్పు చెప్పింది. అప్పటినుంచి ఇక్కడ మస్కట్‌లో మనవాళ్లు నలుగురు కలిస్తే ఇదే ముచ్చట. రువీలో చాయ్ దగ్గర, ఘాలాలో శుక్రవారం వంటల దగ్గర, ఎవరు ఏ బాత్రూంకు పోవాలన్న పంచాయితీ మొదలవుతుంది. రెండే రెండు మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. ఒకటి: 'ఇది పడమటి దేశాల రోగం, మన తెలంగాణకు అంటకుండా చూసుకోవాలె.' రెండోది: 'ఆడపిల్లల భద్రత ఏం గావాలె?' మొదటిది సోయి లేని మాట. రెండోది సోయి ఉన్న మాటే, కానీ తప్పు మనిషి మీదికి తిప్పిన మాట. రెండింటికీ జవాబు చెప్తాను.

అంతకుముందు ఒక సంగతి గుర్తు చేయాలి. తలుపు దగ్గర నిలబెట్టి 'నువ్వు ఏ జాతివాడివి, ఏ కోవలోకి వస్తావు' అని అడిగించుకోవడం మనకు కొత్త కాదు. గల్ఫ్‌లో 'బ్యాచిలర్' అంటే ఏమిటో మనకు చెప్పాల్సిన పని లేదు. ఊళ్లో పెండ్లాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్న జగిత్యాల మేస్త్రీ ఇక్కడ బ్యాచిలర్. హోటల్లో 'ఫ్యామిలీలకు మాత్రమే' అన్న బోర్డు అతడి కోసమే. అద్దె ఇంటికి పోతే 'బ్యాచిలర్లకు ఇయ్యం' అంటారు. అతడు ఏ తప్పూ చేయలేదు. అతడిలాంటివాళ్లు తప్పు చేయవచ్చన్న అనుమానంతో ముందే వేసిన శిక్ష అది. ఆ అనుమానం ఎంత మంట పుట్టిస్తుందో తెలిసిన మనం, అదే అనుమానాన్ని ఇంకొకరి మీద వేయడానికి ఇంత తొందర ఎందుకు?

ఇక పడమటి రోగం సంగతి. శ్రీరామనవమి నాడు వేములవాడ పోయినవాళ్లు ఈ మాట అనలేరు. లోపల సీతారాముల కళ్యాణం జరుగుతుంటే, రాజన్న గుడి ముందట శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు చేతిలో త్రిశూలం పట్టుకుని శివుడిని పెళ్లాడినట్టు అక్షింతలు వేసుకుంటారు. మన అమ్మమ్మలు వాళ్లకు మొక్కిన్రు, ఒడిలో బియ్యం పోసిన్రు. వాళ్లు అమెరికా నుంచి దిగలేదు. రాజన్న గుడి ముందట దండం పెట్టి, హైదరాబాద్ బస్టాండులో ఛీ కొట్టే సంస్కారమే ఎక్కడినుంచి వచ్చిందో వెతకాలి.

వెతికితే దొరుకుతుంది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినప్పుడు అందులో ఒక భాగం నపుంసకుల మీద పెట్టారు. దాని దారిలోనే నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యానికి నపుంసకుల చట్టం చేసింది. పోలీసుల దగ్గర రిజిస్టరు ఉండాలి. అందులో పేరు ఎక్కినవాళ్లు ఆడబట్ట కట్టుకుని, నగ పెట్టుకుని బజారులో కనిపిస్తే, పాడితే, ఆడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలుకు పంపవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం 'తెలంగాణ ఏరియా' అని మన పేరే తగిలించుకుని పుస్తకంలో పదిలంగా ఉంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకు పోతే, 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. మొత్తం 104 ఏళ్లు. అందులో చివరి తొమ్మిదేళ్లు మన సొంత రాష్ట్రానివి. ఆ తొమ్మిదేళ్లలో మన అసెంబ్లీకి దాన్ని రద్దు చేసే తీరిక దొరకలేదు. ఆ సిగ్గు మీద ఉద్యమకారులెవరూ నోరు విప్పలేదెందుకు?

మనం ఉంటున్న ఈ ఒమన్ సంగతి కూడా వినండి. నార్వే పరిశోధకురాలు ఉన్ని వికాన్ 1970లలో సోహార్‌లో ఉండి, ఇక్కడి 'ఖనీత్'ల గురించి 1977లో 'మ్యాన్' పత్రికలో రాసింది. పుట్టుకతో మగవాళ్లే, కానీ ఆడవాళ్ల మధ్య కూర్చునేవాళ్లు, పెళ్లిళ్లలో ఆడవాళ్లతో కలిసి పాడేవాళ్లు. పరాయి మగవాడు అడుగు పెట్టలేని చోట వాళ్లు తిరిగేవాళ్లు. అది స్వర్గమని నేను అనను. ఆడవాళ్ల ముసుగు వేసుకునే హక్కు వాళ్లకు లేదు, చిన్నచూపు ఉండనే ఉంది. కానీ పరదా ఇంత గట్టిగా ఉన్న సమాజం కూడా ఈ మనుషులకు ఎక్కడ కూర్చోవాలో ఒక చోటు చూపించింది, ఆడవాళ్లు వాళ్లను చూసి భయపడలేదు. ఇవాళ ఇక్కడి చట్టం వేరు. 2018 శిక్షాస్మృతి 266వ అధికరణ ప్రకారం ఆడ దుస్తుల్లో కనిపించే మగవాడికి నెల నుంచి ఏడాది దాకా జైలు, 100 నుంచి 300 రియాళ్ల జరిమానా, లేదా రెండూ. ఈ దేశం ఉప్పు తింటున్నాం, ఈ దేశం చట్టానికి లోబడి ఉంటున్నాం. దాన్ని ధిక్కరించమని నేను ఎవరికీ చెప్పడం లేదు. నా తగాదా మనవాళ్లతో.

ఇప్పుడు మన చట్టం ఏమంటుందో చూద్దాం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా కేసులో తీర్పు ఇచ్చింది. ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పింది, ఆసుపత్రుల్లో వైద్యం, ప్రత్యేక మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ప్రభుత్వాలను ఆదేశించింది. దానికి సరిగ్గా 48 రోజుల తర్వాత, జూన్ 2న, మన రాష్ట్రం పుట్టింది. అంటే తెలంగాణ పుట్టేనాటికే ఈ హక్కు దేశంలో ఉంది. 2017లో స్వచ్ఛ భారత్ మార్గదర్శకాల్లో కేంద్రమే, మూడో జెండర్ వాళ్లు ప్రజా మరుగుదొడ్లలో తమకు నచ్చిన వైపు వాడుకోవచ్చని రాసింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం చేసింది. 2020 నియమాల్లో ఆసుపత్రుల్లో వార్డులు, సంస్థల్లో మరుగుదొడ్లు రెండేళ్లలో కట్టాలని ఉంది. ఆ రెండేళ్లు 2022లోనే నిండాయి. కాబట్టి ట్రంప్ ఏమన్నాడు, లండన్ కోర్టు ఏమన్నది అన్నది మనకు అడ్డం కాదు. వాళ్లు తేల్చుకోలేక కొట్టుకుంటున్న ప్రశ్నకు మన దగ్గర రాతపూర్వకమైన జవాబు ఉంది. జవాబు కాగితం మీద ఉండి, బస్టాండులో లేదు.

బస్టాండు అని ఊరికే అనలేదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచితం. చాలా మంచి పని. కరీంనగర్‌లో జీరో టికెట్ చింపి ఇచ్చిన కండక్టర్ దృష్టిలో ఆమె మనిషే, ఆడవాళ్లతో సమానమే. నాలుగు గంటల ప్రయాణం చేసి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాక, మరుగుదొడ్డి ముందు ఐదు రూపాయలు తీసుకునే మనిషి దృష్టిలో ఆమె ఎవరు? ఒకవైపు పోతే 'ఆడోళ్లు ఉన్నరు, ఎల్లిపో' అంటారు. ఇంకోవైపు పోతే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. బస్సెక్కేటప్పుడు గుర్తుపట్టిన ప్రభుత్వం బస్సు దిగాక ఎందుకు గుర్తుపట్టదు? 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది, నేను కూడా గర్వపడ్డాను. ఎండలో చౌరస్తాలో పొద్దంతా నిలబడే ఆ మనిషి దప్పికైతే నీళ్లు తాగాలా వద్దా అని లెక్క వేసుకోవాల్సి వస్తే, ఆ యూనిఫాం ఇచ్చిన గౌరవం సగమే.

ఆడపిల్లల భద్రత దగ్గరికి వస్తాను. ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. నాకూ బిడ్డ ఉంది. మన బస్టాండ్లలో, సర్కారు బడుల్లో ఆడపిల్లలు పొద్దంతా ఆపుకుని ఇంటికి వచ్చేదాకా నీళ్లు తాగకపోవడం నిజం. రహస్య కెమెరాలు దొరకడం నిజం. కానీ ఆ కెమెరాలు పెట్టేది ఎవరు? హాస్టళ్లలో, షాపుల్లో, మన కళ్ల ముందే తిరిగే మామూలు మగవాళ్లు. వాళ్లకు చీర కట్టుకోవాల్సిన అవసరం పడలేదు. దొంగచాటుగా చూసేవాడికి, వీడియో తీసేవాడికి శిక్ష నిన్న ఐపీసీలో ఉంది, ఇవాళ భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో ఉంది. నేరం చేసినవాడిని పట్టుకోండి, వాడు ఏ బట్టలో ఉన్నా సరే. నేరం చేయని మనిషిని పుట్టుక చూసి గెంటేస్తే ఏ ఆడపిల్లకూ భద్రత పెరగదు. గడియ పడని తలుపు, వెలగని బల్బు, నీళ్లు రాని నల్లా, ఆడపిల్లకు ప్రమాదం ఇక్కడ ఉంది. ఈ మూడూ బాగు చేయమని అడగని మనిషి భద్రత గురించి మాట్లాడితే నేను నమ్మను.

ఇంకొక మాట. పుట్టుక సర్టిఫికెట్ ప్రకారమే పోవాలంటే దాన్ని చూసేది ఎవరు? నార్త్ కరోలినా 2016 మార్చిలో ఇదే చట్టం చేసింది. షార్లట్, రాలీల్లో మనవాళ్లు బాగానే ఉన్నారు, వాళ్లను అడగండి. కంపెనీలు వెనక్కి పోయాయి, ఎన్‌బీఏ తన ఆల్‌స్టార్ ఆటను షార్లట్ నుంచి తరలించింది, ఏడాది తిరిగేసరికి ఆ బాత్రూం నిబంధనను రద్దు చేసుకున్నారు. తలుపు దగ్గర కాపలా పెడితే ముందు అవమానపడేది పొట్టి జుట్టు ఉన్న ఆడపిల్ల, గొంతు బొంగురుగా ఉన్న అక్క, పొడుగ్గా ఉన్న చెల్లె. 'నువ్వు నిజంగా ఆడదానివేనా' అని అడిగే అధికారం ఎవడికో ఇచ్చి, దాన్ని ఆడవాళ్ల రక్షణ అందామా?

కొందరు పెద్దమనుషులు మధ్యేమార్గం చెప్తారు: 'వాళ్లకు వేరే కట్టియ్యండి, గొడవ ఉండదు.' వేరేది కట్టాల్సిందే. కోర్టు చెప్పింది, కావాలనుకునేవాళ్లు ఉన్నారు. కానీ వేరేది కట్టామన్న సాకుతో మిగతా తలుపులు మూసేస్తే నేను ఒప్పుకోను. మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితుడికి చాయ్ లేదని ఎవరూ అనలేదు, 'నీకు వేరే గ్లాసు ఉంది కదా' అన్నారు. ఆ గ్లాసు ఎక్కడ తగిలించి ఉండేదో, ఎవరు కడుక్కోవాలో మనకు తెలుసు. పైగా పది బస్టాండ్లలో ఒకచోట కట్టి, దానికీ తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో పెడితే అది సౌకర్యం కాదు. వేరేది అదనంగా ఉండాలి, తప్పనిసరిగా కాదు.

ఇదంతా నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. ఇక్కడ ఒక లేబర్ క్యాంపులో నాకు తెలిసిన మనిషి ఒకరు ఉండేవారు. పేరు, ఊరు రాయను. పాస్‌పోర్టులో పురుషుడు, అప్పులు తీర్చడానికి వచ్చిన ఇంటి పెద్దకొడుకు. తన మనసు సంగతి తనకు తెలుసు, ఇక్కడి చట్టం సంగతీ తెలుసు, అందుకే నోరు విప్పలేదు, వేషం మార్చలేదు. అందరూ వాడే స్నానాల గదిలో తోటివాళ్ల వెకిలి మాటలు పడలేక రాత్రి రెండింటికి లేచి స్నానం చేసేవారు. పగలు పనిలో నీళ్లు తాగడం తగ్గించారు. ఒమన్ ఎండాకాలంలో నీళ్లు తగ్గిస్తే ఏమవుతుంది? మూత్రపిండాల్లో రాళ్లు పడ్డాయి, కాంట్రాక్టు సగంలో ఇంటికి పోవాల్సి వచ్చింది, అప్పు అలాగే ఉంది. ఆ వెకిలి మాటలు అన్నది ఒమనీలు కాదు, పాకిస్తానీలు కాదు. మన తెలుగులో, మన యాసలో అన్నవే. ఏ చట్టం వాళ్ల చేత అనిపించలేదు.

అందుకే మనం చేయగల పని మన చేతుల్లోనే ఉంది. క్యాంపుల్లో మన పిల్లలకు నోరు అదుపులో పెట్టుకోమని చెప్పడానికి ఏ రాజశాసనమూ అక్కర్లేదు. గల్ఫ్ వచ్చే ముందు ఊళ్లలో ఇచ్చే అవగాహనలో ఇక్కడి 266వ అధికరణ గురించి, పాస్‌పోర్టులో జెండర్ నమోదు గురించి సూటిగా చెప్పాలి. తెలియక వచ్చి జైలు పాలైతే మన బిడ్డే. రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు: పెద్ద బస్‌స్టేషన్లు, కలెక్టరేట్లు, జిల్లా ఆసుపత్రుల్లో పూర్తి తలుపు, గడియ, వెలుతురు, నీళ్లు ఉన్న ఒంటరి గదులు, ఎవరైనా వాడుకునేలా, ఎవరు ఏ వైపు పోవచ్చో కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్న మాటను తెలుగులో, ఉర్దూలో గోడ మీద రాయడం, హైకోర్టు 2023 తీర్పులో చెప్పిన ఆసరా పింఛను, రిజర్వేషన్లు ఆచరణలో పెట్టడం. ఎన్నికలప్పుడు విమానమెక్కి పోయి ప్రచారం చేసే మన సంఘాలకు, వినతిపత్రం ఒకటి రాయడం పెద్ద పని కాదు.

2011లో 42 రోజులు సమ్మె చేశాం. సింగరేణి బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఇక్కడినుంచి మనం చేతనైనంత పంపాం, వార్తల కోసం రాత్రులు మేలుకున్నాం. ఆ సమ్మెకు సకల జనుల సమ్మె అని పేరు పెట్టుకున్నాం. ఆడవాళ్లు, మగవాళ్లు, కొందరు మినహా అని పెట్టుకోలేదు. ఆ పేరు మనమే పెట్టుకున్నాం కాబట్టి దాని లెక్క కూడా మనమే అప్పజెప్పాలి.

జై తెలంగాణ!