విగ్రహవాక్యం లేని సమాసం

సమాసాల పాఠం చెప్పే రోజున ఏటేటా తరగతిలో నేనొక మాట అంటూ వస్తున్నాను. రెండు పదాలు కలిసి ఒక్క పదమైనంత మాత్రాన అవి రెండన్న సంగతి మాసిపోదు. అడిగినప్పుడు విగ్రహవాక్యం చెప్పగలిగినవాడికే ఆ సమాసంమీద అధికారం. ఇరవై ఏడేండ్లుగా ఈ మాట చెబుతున్న నేను, నా బల్లమీద తొమ్మిదేండ్లుగా కూర్చున్న ఒక సమాసాన్ని విగ్రహం చెప్పమని ఏనాడూ అడగలేదు. అడగవలసిన అగత్యం గత వేసవి సెలవులలో వచ్చిపడినది.

నా కంప్యూటరు పాతది. దానిని నడిపే వ్యవస్థకు, అనగా అందరూ ఆపరేటింగ్ సిస్టమ్ అనే దానికి, రక్షణ సవరణలు ఇక రావనీ, క్రొత్తదానికి మారవలసినదనీ తెరమీద తరచు హెచ్చరిక వస్తుండేది. ఒకనాటి మధ్యాహ్నం భోజనమైన తరువాత సరే అన్నాను. గంటన్నర గడిచినది. నిండుతూ వచ్చిన గీత ముప్పాతిక దాటి ఆగిపోయినది. యంత్రం తనంత తాను ఆరి, మరల వెలిగినది. ఈసారి నా ఫైళ్లు లేవు, నా పేరు లేదు. బూడిదరంగు తెరమీద రెండు డిస్కులు మాత్రం కనబడినవి; ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నేనెరిగినంతవరకు నా యంత్రంలో ఉన్నది ఒక్కటే డిస్కు! వాటి క్రింద ఇంగ్లీషులో ఒక ప్రశ్న. ఈ డిస్కు చదవడానికి వీలుకాకున్నది, ఇనిషియలైజ్ చేయవలెనా అని.

పదాలు విడదీసి అర్థం చెప్పడం నా వృత్తి. ఇనిషియల్ అనగా మొదటిది. కనుక ఇనిషియలైజ్ అనగా మొదలుపెట్టుట. ఆగిన బండిని తిరిగి మొదలుపెట్టమంటారా అని అది నన్ను అడుగుతున్నదని తలచినాను. ఇంతకంటె మర్యాదైన ప్రశ్న ఏముంటుంది? వేలు మీటమీదికి పోయినది. ఆ క్షణాన దైవం ప్రత్యక్షం కాలేదు. ఆ 'రెండు' అన్న అంకె చూసి భయం మాత్రం పుట్టినది. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకొన్న పూర్వవిద్యార్థి ఒకడు మా ఊళ్లోనే ఉన్నాడు. అతనికి ఫోను చేసినాను.

"మాస్టారూ, ఏమీ నొక్కకండి. ఆపేసి ఉంచండి, నేనొస్తాను" అన్నాడు.

"నొక్కలేదు నాయనా" అన్నాను. నొక్కబోయినానని చెప్పడానికి సిగ్గు వేసినది.

అతడు వచ్చి చెప్పిన అర్థం విని నా చేతులు చల్లబడినవి. ఆ వృత్తిలో ఇనిషియలైజ్ అంటే, డిస్కుమీద ఉన్నదానిని లేనిదిగా ఎంచి, ఏ భాగంలో ఏమున్నదో చెప్పే పట్టికను చెరిపి, క్రొత్త పలకవలె సిద్ధం చేయుట. అది మొదలుపెట్టడం కాదు, తుడిచివేయడం.

తుడుచుకుపోవలసినది ఏమిటో కూడా చెప్పాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశాన్ని విద్యార్థిదశలో చూసిననాటినుంచి నాకొక పిచ్చి. సెలవు దొరికితే పల్లెలకు పోయి కమ్మరులు, కుమ్మరులు, సేద్యగాండ్రు తమ పనిముట్లను గురించి మాట్లాడుతుండగా ఆ మాటలను రికార్డు చేస్తుంటాను. మేడి, కర్రు, నొగ, జడ్డిగం వంటి మాటలు నిఘంటువులలో దొరుకుతవి. ఆ మాటను ఆ నోరు పలికే తీరు, పలుకుతూ చేయి చూపే తీరు నిఘంటువులో దొరకవు. పదకొండేండ్ల కూడిక. మాట్లాడినవారిలో పలువురు నేడు లేరు.

ఇక ఆ రెండు డిస్కుల సంగతి. తిరిగే పళ్లెంమీద అయస్కాంతశక్తితో వ్రాసే హార్డ్ డిస్కు చవక, విశాలం, కాని మందగమనం. కదిలే భాగమే లేని ఫ్లాష్ అతి వేగం. కాని ఒకప్పుడు ఎంతో ఖరీదు. పేదవాడి వివేకం వంటి ఒక ఉపాయంతో ఈ రెంటినీ కలిపినారు. 2010లో సీగేట్ సంస్థ మొమెంటస్ ఎక్స్‌టీ అన్న పేరుతో 500 గిగాబైట్ల వరకు పట్టే పళ్లేనికి 4 గిగాబైట్ల ఫ్లాష్ తోడుచేసి అమ్మినది. అందులో ఫ్లాష్ పరిచారకుడు మాత్రమే. తరచు అడిగే వస్తువులకు నకళ్లు చేతికందేటట్టు ఉంచుకొంటాడు. అసలు ప్రతి పళ్లెంమీదనే ఉంటుంది. మన పరిభాషలో ఇది తత్పురుషం, ఉత్తరపదానికే ప్రాధాన్యం. 2012 అక్టోబరులో ఆపిల్ సంస్థ ప్రకటించిన ఫ్యూజన్ డ్రైవ్ రెండవ జాతిది. 128 గిగాబైట్ల ఫ్లాషునూ, 1 లేక 3 టెరాబైట్ల డిస్కునూ కలిపి వాడేవాడికి ఒక్కటిగా చూపినది. ఇందులో నకలు లేదు. ఎక్కువ వాడేది ఫ్లాషుకు పోతుంది, తక్కువ వాడేది పళ్లేనికి పోతుంది. ఏది ఎక్కడున్నా ఒక్కచోటనే. ఇది ద్వంద్వం. ఉభయపదాలూ ప్రధానమే. రామలక్ష్మణులలో ఒకరు మూర్ఛపోతే రెండవవారు ఉండీ లేనట్లే.

నా యంత్రం చేసినవారెవరన్నది ఇక్కడ అప్రస్తుతం. అందులోనిది ద్వంద్వమని మాత్రం ఆనాడు తెలిసినది. తాటియాకుల గ్రంథంలో సరి పత్రాలొక ఇంటా, బేసి పత్రాలొక ఇంటా దాచినారనుకోండి. ఒక ఇల్లు కాలిపోయినా రెండవ ఇంటివారు తమ పత్రాలనైనా చదువుకొంటారు. ఇక్కడ ఆపాటి భాగ్యం కూడా లేదు. ఏ పత్రం ఎక్కడున్నదో చెప్పే పట్టిక పోయిన ఇంట్లోనే ఉండవచ్చును.

మా శిష్యుడు చేసిన చికిత్స చూడముచ్చటైనది. మొదట డిస్కుమీద ఒక్క అక్షరం క్రొత్తగా వ్రాయనీయలేదు. పాత వ్యవస్థను ఒక పెన్ డ్రైవుమీద ఎక్కించి తెచ్చి, దానితో యంత్రాన్ని లేపినాడు. పాత వ్యవస్థ కన్ను తెరిచీ తెరవగానే రెండింటినీ ఒక్కటిగా గుర్తుపట్టినది! లోపం అక్కడ తేలినది. ఆ రెండూ ఒకటేనని చదివి చెప్పే చిన్న ప్రోగ్రాము, వారి మాటలో డ్రైవరు, క్రొత్త వ్యవస్థను ఎక్కించే భాగంలో లేదు. సంధి తెలియనివాడికి సమాసం చూపితే రెండు అసంబద్ధ పదాలు కనబడినట్లు, దానికి రెండు చదవరాని డిస్కులు కనబడినవి. తరువాత డిస్కుల ఆరోగ్యం చెప్పే లెక్కలు చూసినాడు. పళ్లెం బాగున్నది, వేగపు ముక్కలో కొన్ని గళ్లు అరిగి ఉన్నవి. ఫ్లాషుకు వ్రాతవల్ల అరుగుదల తప్పదట. వేరొక డిస్కు తగిలించి సర్వం నకలు చేయడానికి పద్నాలుగు గంటలు పట్టినది. నకలు ముగిసిన తరువాతనే పాత జంటను విడదీసి, అరిగిన ముక్కను తీసివేసి, క్రొత్త వ్యవస్థను క్రొత్త డిస్కుమీద ఎక్కించినాడు.

ఇందులో నా ఫిర్యాదు రెండు వస్తువులను కలిపినందుకు కాదు. కలపడం విద్య. కలిపినదానిని క్రొత్త ఏర్పాటుకు తేవడం చేసినవారికే కష్టమని కూడా తెలుసుకొన్నాను. ఆపిల్‌వారు 2017లో హై సియెర్రాతో క్రొత్త ఫైలు అమరిక తెచ్చినప్పుడు దానిని కేవల ఫ్లాష్ యంత్రాలకే ఇచ్చినారు. ఫ్యూజన్ డ్రైవులు 2018లో మొహావే వచ్చేవరకు ఆగవలసి వచ్చినది. సిద్ధంగా లేనిదానిని ఆపడం మర్యాద.

బండి తోలేవాడికి ఇంజను విప్పి చూపనక్కరలేదు కదా అని కొందరంటారు. ఒప్పుకొంటాను. బండి నడిచినన్నాళ్లు చూపవద్దు. కాని చెడిననాడు ఆ యంత్రమే నన్ను తీర్పు అడిగినది. తొమ్మిదేండ్లు ఒకటని నమ్మించి, పదవ ఏట రెండుగా నిలబెట్టి, అవునో కాదో చెప్పమన్నది. తీర్పు అడిగేవాడు వ్యాజ్యం చెప్పవద్దా? "ఈ రెండూ కలిసి ఒక డిస్కుగా ఉండేవి, ఇప్పుడు నాకు చదవరాకున్నవి, ఈ మీట నొక్కితే ఉన్నదంతా పోతుంది" అని మూడు వాక్యాలు వ్రాయడానికి ఆ తెరమీద కావలసినంత చోటున్నది. రేపు ఈ మాటలను తెలుగు చేసేవారికి కూడా నా విన్నపం ఒక్కటే. ఇనిషియలైజ్ అన్నచోట దయచేసి 'ప్రారంభించు' అని వ్రాయకండి. నా వంటి పండితమ్మన్యులు ఊరికొకరైనా ఉంటారు.

శిష్యుడు మాత్రం నన్ను ఊరికే వదలలేదు. "అంతా వాళ్లదే తప్పంటే ఎలా మాస్టారూ? రెండో కాపీ ఎందుకు పెట్టుకోలేదు?" అన్నాడు. బ్రౌనుదొర పండితులను పెట్టి తాళపత్రాలకు ప్రతులు వ్రాయించిన కథను అతనికి తరగతిలో చెప్పినది నేనే. ఏమి జవాబు చెప్పగలను?

అన్నీ దక్కినవి, మూడు తప్ప. క్రొత్తగా చేర్చినవి వేగపు ముక్కమీదనే ఉండగా, ఆ మూడూ అరిగిన గళ్లలో చిక్కుకొన్నవి. మూడూ ఒకే కుమ్మరి మాటలు. ఆయన నిరుడు కార్తికంలో పోయినాడు. దసరా సెలవులలో ఆ ఊరికి మరల పోయి ఆయన కొడుకును అడిగినాను. ఆవము పేర్చేటప్పుడు అడుగువరుసను ఆయన ఏదో పేరుతో పిలిచినట్లు గుర్తు. ఆ మాట ఏమిటని. అతడు పట్టణంలో ఆటో నడుపుతాడు. కాసేపు ఆలోచించి, "అమ్మకేమన్నా తెలుసేమో సార్, కనుక్కుంటానుండండి" అని లోపలికి పోయినాడు. ఆమెకు కూడా గుర్తు రాలేదు.