లాగ్‌బుక్ నేర్పిన పాఠం

యంత్రం మొరాయించినప్పుడు ముందుగా లాగ్‌బుక్ తిరగవేయడం మన హజీరా ఉద్యోగులకు అలవాటే. సూరత్‌లో మా వద్ద ఉంటున్న నాన్నగారి విషయంలో మాత్రం ఆ అలవాటును మేము మరచితిమి. పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులైన ఆయనకు తెల్లవారుజామున పిక్కలు పట్టేసి, కాలివేళ్ళు ముడుచుకొని పోయేవి. మాకు నిద్రాభంగం కలుగరాదని పంటిబిగువున ఓర్చుకొనేవారు. మేము వార్ధక్యమని భావించి, నూనె మర్దన చేసి ఊరుకున్నాము.

చివరకు 10 రాత్రులు మాత్ర వేళ, భోజన వేళ, నొప్పి వేళ పుస్తకంలో వ్రాశాము. రాత్రి 8 గంటలకు మాత్ర. నొప్పి దాదాపు ప్రతిసారీ 4 గంటలకే! అది చూసిన వైద్యులు కారణం వివరించారు. లెవోడోపా ప్రభావం కొద్ది గంటలే నిలుస్తుంది. అది సన్నగిల్లినప్పుడు కండరాలు బిగుసుకొంటాయి. పడుకొనే ముందు నిదానంగా పనిచేసే మాత్రను ఆయన సూచించారు. మోతాదును మనంతట మనము మార్చరాదు. మాంసకృత్తులు అధికంగా గల భోజనం ఈ మందు పనిని మందగింపజేయవచ్చును. కాళ్ళు కదపాలనే ఆరాటం కూడా ఉన్నట్లయితే రక్తంలో ఇనుము పరీక్ష చేయించడం మంచిది.

నొప్పి తగ్గినది గాని, పూర్తిగా పోలేదు. బాధ కలిగినప్పుడు మమ్ములను లేపవలసినదిగా నాన్నగారిని కోరాము. ఇప్పుడు లేపుతున్నారు.