శనివారం నోటుబుక్కు

ఈ వారం గుత్తి వంకాయ రాస్తానని మాటిచ్చాను గానీ, అది వచ్చే వారానికి వాయిదా. కోప్పడకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలి వంటింట్లో, గ్యాసు బుక్కు పక్కన మేకుకి వేలాడే ఓ రెండొందల పేజీల నోటుబుక్కు సంగతి ముందు చెప్పేయాలి మీకు. పాల లెక్క కాదు, చీటీల లెక్క అంతకన్నా కాదు. తెరిస్తే 'స్టెన్‌హౌస్‌మ్యూర్ 1 – ఈస్ట్ ఫైఫ్ 1', 'ఎల్గిన్ 2 – స్ట్రాన్‌రేర్ 0' అని వరసగా ఉంటాయి. అవన్నీ స్కాట్లండ్‌లో చిన్న చిన్న ఊళ్ళ ఫుట్‌బాల్ జట్లు. రాబోయే శనివారం ఎవరు ఎన్ని గోల్స్ కొడతారో ముందే ఊహించి రాసిన అంకెలన్నమాట. రాసింది నలుగురు ఆడవాళ్ళం. మాలో ఒక్కరం కూడా జన్మలో బంతిని కాలితో తన్నినవాళ్ళం కాదు!

ఇదెలా మొదలైందంటారా? చెల్లెలి కొడుకు పోయినేడు జనవరిలో ఎమ్మెస్సీకి స్టిర్లింగ్ వెళ్ళాడు. దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు తెలిసిందేగా, వీధికో కోచింగ్ సెంటరు, మెట్టుకో కన్సల్టెన్సీ. ఆ మెట్లన్నీ ఎక్కి దిగి, ఎల్.బి.నగర్ అవతల ఉన్న స్థలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపారు. వెళ్ళినవాడు రోజూ ఫోను చేసేవాడు. ఎంతసేపు? "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." "చలిగా ఉందా?" "ఉందమ్మా." "చదువు?" "బానే ఉందమ్మా." అంతే. మూడు నిమిషాలు. పిల్లల్ని పైదేశాలకి పంపినవాళ్ళకి ఈ మూడు నిమిషాలు నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

అలాంటిది ఒకరోజు తనంతట తానే, "అమ్మా, ఇవాళ మ్యాచ్‌కి వెళ్ళా" అన్నాడట. ఊళ్ళో జట్టు పేరు స్టిర్లింగ్ ఆల్బియన్. చూసేది కొన్ని వందల మంది. పక్క సీటు తాతలు వారం వారం అన్ని చిన్న జట్ల ఫలితాలూ ముందే చెప్పుకుని, పాయింట్లు రాసుకుంటారట. వాళ్ళు వీణ్ణీ కలుపుకున్నారు. మా చెల్లెలు ఊరికే, "నేనూ చెప్పనా?" అంది. అవతల వాడు పకపకా నవ్వాడు. ఏడు నెలలయింది ఆ నవ్వు విని అంది నాతో. ఆ మర్నాడే నోటుబుక్కు కొంది.

అక్కడ పై లీగుల్లో మొత్తం 42 జట్లు, నాలుగు అంతస్తులు. మేడమీద 12, కింద మూడింటిలోనూ పదేసి. సెల్టిక్, రేంజర్స్ అని గ్లాస్గోలో రెండు పెద్ద జట్లున్నాయి, వాటి జోలికి మేం పోలేదు. ఎందుకో తెలుసా? ఉప్పల్ స్టేడియం మనకి కూతవేటు దూరం. ఐ.పి.ఎల్. రోజుల్లో మన ఇళ్ళల్లో మగవాళ్ళు ఎంత పాఠం చెబుతారో మీకు తెలుసు. "నీకేం తెలుసు, ముందు టీ పట్రా" అనేది ఆ పాఠంలో చివరి వాక్యం. స్టెన్‌హౌస్‌మ్యూర్ గురించి మాత్రం మాకెంత తెలుసో మా మరిదిగారికీ అంతే తెలుసు. ఇక్కడ అందరం ఒకటో తరగతే.

మా నలుగురిలో ఒకరు చెల్లెలు, ఇంకొకరు కొత్తపేట నించి నేను. పై వాటాలో ఉండే రిటైరైన లెక్కల పంతులమ్మగారు మూడో మనిషి. నాలుగోది వదిన, అంటే చెల్లెలి ఆడబిడ్డ. నల్లగొండ మనిషి. శనివారం సాయంత్రం ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషన్‌లో దిగిపోతుంది. గెలుపో ఓటమో సమానమో సరిగ్గా చెబితే ఒక పాయింటు, గోల్స్ కూడా కలిస్తే మూడు. అక్కడ మధ్యాహ్నం మూడింటికి ఆటంటే చలికాలంలో మనకి రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో ఏడున్నర. భోజనాలై, గిన్నెలు కడిగి, స్టవ్ తుడిచే వేళకి ఫలితాలొస్తాయి. మన కోసమే పెట్టినట్టు లేదూ?

ఊహించడానికి కొంత విద్య ఉంది. సొంత మైదానంలో ఆడే జట్టుకి మొగ్గు, సగానికి కాస్త తక్కువ ఆటలు వాళ్ళే గెలుస్తారు. నాలుగింట ఒకటి సమానం అవుతుంది. ఎక్కువ ఆటలు ఒకటి రెండు గోల్స్‌తోనే తేలతాయి. పంతులమ్మగారు ఇవన్నీ పట్టికలు గీసి, ప్రయాణ దూరాలు కూడా లెక్కగట్టేవారు. నైరుతి కొసన స్ట్రాన్‌రేర్, ఈశాన్యాన ఎల్గిన్, బస్సులో కూచుని కూచుని కాళ్ళు పట్టేసిన పిల్లలు ఏం పరిగెడతారని ఆవిడ వాదన. వదిన మాత్రం ఏమీ చూడదు. ప్రతి ఆటకీ ఒకటే, సొంత ఊరికి 2, వచ్చినోళ్ళకి 1. "ఇంటికాడ ఆడెటోడు గెలుస్తడు. వచ్చినోడు ఉత్త చేతుల్తోని పోవద్దు, ఒకటిస్తున్న." నవ్వకండి, పాయింట్లలో మొదట్నించీ ఆవిడే ముందు!

ఆ ఊళ్ళ కథలు పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఆర్‌బ్రోత్ మైదానం సముద్రానికి ఎంత దగ్గరంటే, గాలి వీస్తే తన్నిన బంతి తిరిగి తన్నినవాడి దగ్గరికే వస్తుందట. ఆ జట్టు 1885 సెప్టెంబరు 12న బాన్ అకార్డ్ అనే జట్టుని 36–0తో ఓడించింది. మా స్టిర్లింగ్ కూడా తక్కువ తినలేదు, 1984లో సెల్‌కర్క్ మీద 20–0. (చూశారా, 'మా స్టిర్లింగ్' అనేశాను.) ఆ ఊళ్ళో అంతకుముందున్న జట్టు మైదానం మీద 1940లో జర్మన్ల బాంబు పడితే, 1945లో ఒక బొగ్గు వ్యాపారి ఈ కొత్త జట్టు పెట్టాడు. 2010లో అభిమానులే చందాలేసుకుని కొనేసుకున్నారు. 2023లో నాలుగో అంతస్తులో మొదటి స్థానం కొట్టి పైకెక్కింది, మరుసటేడే మళ్ళీ కిందికి జారింది. డమ్‌ఫ్రీస్ అనే ఊరి జట్టు పేరు 'క్వీన్ ఆఫ్ ద సౌత్', అంటే దక్షిణాది రాణి. చెల్లెలు ఆ పేరు చూసి ప్రతి వారం వాళ్ళనే గెలిపించేది. ఫోర్ఫార్ అనే ఊళ్ళో 'బ్రైడీ' అని చేస్తారట, అచ్చం మన కజ్జికాయే, లోపల కొబ్బరికి బదులు ఉల్లిపాయ వేసిన మాంసం. ఈ ఫోర్ఫార్ మీద ఓ పాత హాస్యముంది. 'ఈస్ట్ ఫైఫ్ 4, ఫోర్ఫార్ 5' అని ఇంగ్లీషులో గబగబా అనాలి, మన నల్లలారీ తెల్లలారీలాగా నాలుక తిరగదు. ఎన్నో ఏళ్ళు ఉత్త మాటగానే ఉన్నది, 2018లో పెనాల్టీ కిక్కుల్లో నిజంగానే ఫోర్ఫార్ 5, ఈస్ట్ ఫైఫ్ 4 అయి కూచుంది.

ఫుట్‌బాల్ మనకి కొత్తా అంటే, కాదు. ఇది రహీం సాబ్ ఊరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నించి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో బంగారు పతకం తెచ్చుకుంది. ఇప్పటి మాటకొస్తే, నగరానికి అవతలి కొసన ఆడే శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. మా అపార్ట్‌మెంటు కుర్రాళ్ళని అడిగితే ఒక్కడికీ తెలీదు. అందుకని దానికీ నోటుబుక్కులో ఒక పేజీ ఇచ్చాం.

ఇక గొడవ దగ్గరికొస్తాను. మూడు నెలలు వరసగా గెలిచేసరికి వదిన, "ఊకె రాసుడేంది, మనిషికి యాభై పెడ్దాం. గెల్సినోళ్ళు తీస్కపోవాలె" అంది. చెల్లెలు సరేనంది. పంతులమ్మగారు యాభైని పది చేశారు. నేను వద్దన్నాను. ఎందుకన్నానో మీకు చెప్పాలి. మావారి తమ్ముడు ఇలాగే సరదాగా క్రికెట్‌తో మొదలుపెట్టాడు. మొదట స్నేహితుల మధ్య వంద, తరవాత ఫోనులో వేలు. మా తోటికోడలి గాజులు ఎప్పుడు పోయాయో ఆవిడకి పెళ్ళికి వెళ్ళాల్సొచ్చిన రోజు గానీ తెలీలేదు. డబ్బు పెట్టి ఆన్‌లైన్ ఆటలాడటం తెలంగాణలో 2017లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టమొచ్చింది. చట్టం వచ్చినా పోయిన గాజులు రావుగా.

బ్రిటన్‌లోనూ ఈ ఊహల మీద పెద్ద వ్యాపారమే నడిచింది. 1923 నించి 'పూల్స్' అని ఇంటింటా కూపన్లు నింపేవారు, స్కాట్లండ్ చిన్న జట్లు కూడా అందులో ఉండేవి. శనివారం సాయంత్రం రేడియోలో ఫలితాలు చదువుతుంటే కొంపంతా నిశ్శబ్దం. జేమ్స్ అలెగ్జాండర్ గోర్డన్ అని ఒకాయన 1974 నించి 2013 దాకా చదివాడు, రెండో జట్టు పేరు పలికే తీరులోనే ఎవరు గెలిచారో తెలిసిపోయేదట. 1961లో వివ్ నికల్సన్ అనే ఆవిడ ఇంటికి ఈ పూల్స్‌లో 1,52,319 పౌన్లు తగిలాయి. భర్త బొగ్గుగని కూలీ. ఖర్చు, ఖర్చు, ఖర్చు అందావిడ పత్రికలవాళ్ళతో. అన్నట్టే చేసింది. 1965లో భర్త కారు ప్రమాదంలో పోయాడు, కొన్నేళ్ళలో డబ్బూ పోయింది. నేనీ కథంతా చెప్పి, "పది రూపాయలైనా నేను రాను" అన్నాను. వదిన మొహం ముడుచుకుని రెండు శనివారాలు రాలేదు. మూడో వారం తనే వచ్చి, "సరె తియ్యి, ఓడినోళ్ళు టిఫినన్న జెయ్యాలె" అంది. ఆ పద్ధతే ఖాయమైంది.

ఈ జనవరిలో ఒక శనివారం, మేం రాసిన ఆటల్లో చాలా వాటిని మైదానం గడ్డకట్టిందని వాయిదా వేశారు. నలుగురం పెసరట్ల ముందు కూచుని ఉన్నాం, ఫలితాల్లేవు. అబ్బాయి ఫోను స్పీకర్లో పెట్టాం. పంతులమ్మగారు వాణ్ణి నవ్విద్దామని 1963 కథ చెప్పారు. ఆ చలికాలం వారాల తరబడి ఆటలు జరక్క పూల్స్ వాళ్ళకి దిక్కుతోచక, పాత ఆటగాళ్ళని కొందరిని ఓ గదిలో కూచోబెట్టారట. జరగని ఆటల్లో ఎవరు గెలిచి ఉండేవారో ఆ పెద్దమనుషులే తీర్పిచ్చారు. "మనమూ అలా తీర్పిచ్చేద్దామా?" అన్నారావిడ. వాడు నవ్వలేదు. 'ఊ' అని కూడా అనలేదు. ఆట లేనప్పుడు వాడి దగ్గర మాటే లేదని ఆ క్షణంలో తెలిసింది.

చెల్లెలు స్పీకరు ఆపేసి, ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి యాభై నిమిషాలు.

నవంబరులోనే పార్ట్‌టైం పని పోయిందట. చదువుకునే పిల్లలకి వారానికి ఇరవై గంటలే పని, అదీ లేదు. రెండు నెలల అద్దె బాకీ. పూటకి బ్రెడ్డుతో సరిపెడుతున్నాడు. టిక్కెట్టుకి డబ్బుల్లేక మ్యాచ్‌కి వెళ్ళడమే మానేశాడు. మాకు మాత్రం వారం వారం గాలి ఎటు వీచిందో, ఎవరు జారిపడ్డారో చూసినట్టే చెప్పేవాడు. స్థలం తాకట్టులో ఉందని వాడికి తెలుసుగా, ఎలా చెబుతాడు?

నేను లేచి నోటుబుక్కు తీశాను. అక్టోబరు దాకా వాడు చెప్పినవి 4–2, 3–3, అన్నీ గోల్స్ కురిసే ఆటలు. నవంబరు నించి పేజీ తరవాత పేజీ 0–0, 0–0, 1–0. అవి రాసింది నా చేత్తోనే. పాయింట్లు కూడానూ నేనే. ఎవరెక్కువ, ఎవరు తక్కువ అని చూశానే గానీ, పిల్లాడి అంకెలెందుకు ఎండిపోయాయని ఒక్కసారీ అనుకోలేదు.

ఆ రాత్రి వదిన మెట్రోలో వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్నే తిరిగొచ్చి, చీటీ పాడిన డబ్బు నలభై వేలు చెల్లెలి చేతిలో పెట్టింది. కూతురికి వడ్డాణం కోసం దాచుకున్న చీటీ అది. మా చెల్లెలు వద్దంటే, "మేనల్లుడు పస్తులుంటె నాకు వడ్డాణమేంది? ఇది పందెం పైస కాదులే, మీ అక్క ఏమనదు" అని నా వైపోసారి చూసింది. నేను కాఫీ కలపడానికి లేచాను.

మార్చిలో వాడికి ఒక వృద్ధాశ్రమంలో పని దొరికింది. వేసవిలో వదిన బాకీలో కొంత తీర్చాడు. ఇప్పుడు ఫోను మూడు నిమిషాలు దాటుతోంది, ఒక్కోరోజు దాటట్లేదు కూడా. కొత్త సీజను ఆగస్టులో మొదలైంది. పంతులమ్మగారు కొత్త పట్టిక గీశారు, వాయిదాపడిన ఆటలకి విడిగా ఒక గడి కూడా పెట్టారు. వదిన అన్నిటికీ 2–1 రాసింది. అబ్బాయి మొన్న మ్యాచ్‌కి వెళ్ళి, టిక్కెట్టు ఫోటో తీసి పంపాడు. స్టిర్లింగ్‌కి 3–2 అన్నాడు. ఆఖరి స్థానం నాదే, కాబట్టి శనివారం టిఫినూ నాదే. నలుగురికి గుత్తి వంకాయా అన్నమూ పెడతానన్నాను. అక్కడ కుదిరిందా, కొలతలతో సహా వచ్చేవారం మీకు రాసేస్తాను.