డిజిటల్ సంపద – సుస్థిరాభివృద్ధి

భావితరాల అవసరాలకు లోటు రానీయకుండా వర్తమాన తరం తన అవసరాలను తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి. నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన ప్రపంచ సంఘం 1987లో వెలువరించిన నివేదికతో ఈ భావన లోకవ్యాప్తమైంది. ఆనాటికి అంతర్జాలం సామాన్యుల ఊహకు అందనిది. నేడు భారతదేశంలో తోపుడుబండి మీద పండ్లు కొన్నా చెల్లింపు సెల్‌ఫోనుతోనే జరుగుతున్నది. 2016లో ఆరంభమైన యూపీఐ ద్వారా 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. ఈ వేగాన్నే అభివృద్ధిగా భావించేవారు అనేకులు. కాని ఆ వేగం ఎవరికి మేలు చేస్తున్నది, ఎంతకాలం నిలుస్తుంది అన్నవి వేరుగా విచారింపదగిన విషయాలు.

డిజిటల్ ఆర్థిక వ్యవస్థ వలన పేదలకు ప్రయోజనం లేదనడం సత్యదూరం. ఉత్తర కేరళ తీరమే ఇందుకు నిదర్శనం. పూర్వం అక్కడి మత్స్యకారులు వలలో పడిన చేపలను తమ ఊరి రేవులోనే అమ్ముకొనేవారు. ఒకే నాడు పడవలన్నీ నిండి వస్తే కొనేవారు కరవై, మిగిలిన చేపలను తిరిగి సముద్రం పాలు చేయవలసి వచ్చేది. అదే సమయంలో పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న మరొక రేవులో చేపలు దొరకక కొనుగోలుదారులు రిక్తహస్తాలతో వెనుదిరిగేవారు. 1997 – 2001 సంవత్సరాల మధ్య ఆ తీరం వెంబడి సెల్‌ఫోన్ సేవలు విస్తరించాయి. సముద్రం మీదనే ధర విచారించి, గిరాకీ ఉన్న రేవుకు పడవను మళ్ళించడం సాధ్యమైంది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది; వినియోగదారులకు ధర 4 శాతం తగ్గింది; చేపలను పారబోయడం దాదాపు నిలిచిపోయింది. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది. ప్రకృతి ఇచ్చినది వృథా కాకపోవడమే అమ్మేవారికీ కొనేవారికీ లాభంగా పరిణమించింది. అయితే రేవులూ, పడవలూ, కొనుగోలుదారులూ అక్కడ ముందే ఉన్నారు. ఫోను వారిని కలిపిందే తప్ప సృష్టించలేదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో 2002 ప్రాంతంలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళలు నిర్వహించారు. కంప్యూటరుకూ చదువురాని రైతుకూ నడుమ ఊరి మనిషి ఒకరు కూర్చున్నారు. నేడు ఆ నడిమి మనిషిని తొలగించడమే ప్రగతి అనే ధోరణి ప్రబలుతున్నది. దాని ఫలితం వృద్ధులకు అనుభవైకవేద్యం. జీవితమంతా మట్టిపనిలో అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తించకపోతే రేషను బియ్యమో పింఛనో వాయిదా పడుతుంది. మనిషి ఎదుట నిలిచి ఉన్నా, ముద్ర కుదరనందువల్ల లేనట్లే లెక్క! మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేప మహిమతో క్షణంలో హిమగిరి చేరాడు. మంచుకు లేపం కరిగిపోగా ఇల్లు చేరే దారి లేక చిక్కుకుపోయాడు. లేపం మహిమ అబద్ధం కాదు. అది కరిగిపోతుందన్న సంగతీ అబద్ధం కాదు. సిగ్నల్ అందకున్నా, యంత్రం మొరాయించినా పేదవాని పని జరిగే కాగితపు పద్ధతి ఒకటి ప్రతి సేవకూ ఉండి తీరాలి. అది ఖర్చుతో కూడినదని తీసివేయడం పొదుపు కాదు, అన్యాయం.

డిజిటల్ సంపదకు బరువు లేదన్నది మరొక భ్రమ. సమాచారాన్ని భద్రపరచే ఏర్పాటుకు 'క్లౌడ్' అని, అంటే మేఘమని పేరు పెట్టారు. ఆకాశంలోని మేఘం నీరిస్తుంది. ఈ మేఘం తరచు నీరు తాగుతుంది. డేటా కేంద్రాలలోని యంత్రాలు రేయింబవళ్ళు విద్యుత్తును వినియోగిస్తాయి, వేడెక్కుతాయి. వాటిని చల్లబరచడానికి చాలాచోట్ల నీటినే వాడతారు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో భారీ డేటా కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. ఇటువంటి పెట్టుబడి ఆహ్వానింపదగినదే. ఆ విద్యుత్తు ఎక్కడిది, వేసవిలో ప్రజల దాహం ముందా, యంత్రాల చల్లదనం ముందా అన్న ప్రశ్నలకు సమాధానాలు మాత్రం ఒప్పందం నాడే లిఖితపూర్వకంగా ఉండాలి.

వాడి పారవేసిన పరికరాల సంగతి ఇంకా దయనీయం. 2022లో ప్రపంచవ్యాప్తంగా పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినది అందులో నాలుగో వంతైనా లేదు. ఢిల్లీలోని సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో రాగి కోసం తీగలను కాల్చి, లోహాల కోసం సర్క్యూట్ పలకలను ఆమ్లంలో కడిగి పొట్టపోసుకొన్న కుటుంబాలు ఎన్నో. ఆ పొగను పీల్చినవారిలో పిల్లలూ ఉన్నారు. 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద మోపాయి. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని పాత ఫోను మొదట చేరేది వీధి చివరి పాత సామాన్ల వ్యాపారి దగ్గరకు. డబ్బు వెంటనే చేతిలో పెట్టేది అతడే. అతనికి శిక్షణ, చేతి తొడుగులు, ప్రభుత్వ గుర్తింపు ఇచ్చి, సేకరించిన సరుకుకు న్యాయమైన ధర కల్పించనంత కాలం ఆ తీగలు చట్టానికి అందకుండా పొయ్యికే చేరుతుంటాయి.